నంబరు లేని పుస్తకాల తరఫున

 

ఈ రోజు పట్టాలు అందుకున్న గ్రంథాలయ శాస్త్రం పిల్లలకూ, కంప్యూటర్ సైన్సు పిల్లలకూ అభినందనలు. ఇద్దర్నీ ఒకే హాల్లోకి తెచ్చినందుకు విశ్వవిద్యాలయాన్ని మెచ్చుకోవాలి. తెచ్చారు కానీ, మధ్యలో నడవా వదిలి అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే కూర్చున్నారు. నా ఉద్యోగమంతా ఆ నడవాలోనే గడిచింది.

నేను మొదట చేరింది ఒక కాలేజీ లైబ్రరీలో. కేటలాగు కార్డులు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పని. ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఒక లైబ్రరీ కేటలాగును ఇంకో లైబ్రరీ అడిగి వివరాలు తెచ్చుకునే సర్వీసులు, వాటిని వేరే ప్రోగ్రాములు అడిగే ఏపీఐలు, చిన్నచిన్న టూల్సు, ఇదీ నా వృత్తి. ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ అర్థం కాలేదు. 'లైబ్రరీలో కంప్యూటర్లు రిపేరు చేస్తుంది' అని చెబుతుంటారు. నేనూ దిద్దడం మానేశాను.

ఈ రంగానికి ఒక పెద్దమ్మ ఉంది. హెన్రియెట్ అవ్రామ్. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరేనాటికి ఆమె ప్రోగ్రామరే తప్ప గ్రంథాలయ శాస్త్రం చదివిన మనిషి కాదు. కార్డు మీద ఉన్న ప్రతి వివరం ఎందుకుందో, ఎక్కడుందో విప్పి చూసి, దాన్ని యంత్రం చదివేలా మార్క్ అనే పద్ధతిని రూపొందించింది. శీర్షికకు 245, ముఖ్య రచయితకు 100, ఇలా ప్రతి గడికీ ఒక అంకె. ఆ తర్వాత ఎన్ని సర్వీసులు పుట్టి పోయాయో! పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బిఎన్ అనే నంబరు ఒకటి ఇస్తే అదే పుస్తకం మిగతా ముద్రణలన్నీ చెప్పే ఎక్స్‌ఐఎస్‌బిఎన్ ఉండేది. లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ వాళ్లది, మా తరానికి ముద్దుబిడ్డ. దాన్నీ మూసేశారు. మార్క్ మాత్రం ఈనాటికీ నడుస్తోంది. రేపు మీరు నేర్చుకోబోయే టూలు ఏదైనా సరే, దాని కిందుండే రికార్డును చదవడం ముందు నేర్చుకోండి.

ఇక నా అసలు బెంగ. పదిమందిలో చెప్పుకునే అవకాశం మళ్లీ వస్తుందో రాదో, అందుకే ఇక్కడ వెళ్లగక్కుతున్నాను.

నేను పనిచేసిన ఒకచోట ఓ కుర్రాడు, తెలివైనవాడే, ఒక పాత లైబ్రరీ డేటా అంతా కొత్త కేటలాగులోకి ఎక్కించాడు. 'ఎర్రర్లు సున్నా మేడం' అన్నాడు. తెలుగు విభాగం తెరిస్తే బోసిగా ఉంది. పుస్తకాలేవి నాయనా అంటే, 'ఐఎస్‌బిఎన్ లేనివి చెల్లని రికార్డులు కదా, తీసేశాను' అన్నాడు. గురజాడ కన్యాశుల్కం చెల్లదట! ఆ నాటకంలోని గిరీశం వింటే ఆ కుర్రాడికే నాలుగు ఇంగ్లిషు లెక్చర్లు పీకి ఉండేవాడు.

ఐఎస్‌బిఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయింది 1970లో. అంతకుముందు అచ్చయిన పుస్తకాలకు ఆ నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తర్వాత కూడా సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాలకూ, ఊరి చరిత్రలకూ చాలావాటికి లేదు. ఉన్నవాటికైనా సుఖం లేదు. స్ప్రెడ్‌షీట్‌లో పదమూడంకెల నంబరు పెట్టి చూడండి, 9.78 పక్కన ఏదో ఘాతం తగిలించి చూపిస్తుంది. దాన్ని అలాగే సేవ్ చేసి పంపే మహానుభావులున్నారు. అప్పుడు ఇండియా పుస్తకాలన్నీ ఒకే పుస్తకం అయిపోతాయి.

నంబరు లేకపోతే పేరుతో పోల్చాలి. అక్కడే అసలు తంటా. అమెరికా లైబ్రరీల కేటలాగుల్లో తెలుగు శీర్షికలను రోమన్ లిపిలో రాస్తారు. దీర్ఘానికి అక్షరం పైన గీత, ళకారానికి కింద చుక్క. వెతుకులాట తేలికవుతుందని మన ప్రోగ్రామర్లు ఆ గీతల్నీ చుక్కల్నీ ఊడ్చేస్తారు. కలం, కాలం రెండూ ఒకటే అయిపోతాయి. రచయితల సంగతి ఇంకా ఘోరం. చివరి మాటే ఇంటిపేరనుకునే ప్రోగ్రాము చేతికి కందుకూరి వీరేశలింగం పంతులు గారిని ఇస్తే, ఆయన్ని 'పంతులు' ఇంటివాణ్ని చేస్తుంది. తెలుగుదేశంలోని పంతుళ్లంతా ఒకే కుటుంబం! పోనీ శీర్షికా రచయితా కుదిరారనుకుందాం, అంతటితో అయిపోయిందా? 1897 నాటి కన్యాశుల్కం వేరు, గురజాడ పెంచి తిరగరాసిన 1909 నాటకం వేరు. ముద్రణ సంవత్సరం చూడకుండా రెండిటినీ కలిపేస్తే ఇక పరిశోధన చేసేవాళ్ల గతేంటి?

ఇవన్నీ విని నవ్వుతున్నారు. ఆ కుర్రాడూ నవ్వాడు. తర్వాత కూర్చుని మళ్లీ రాశాడనుకోండి.

దారి లేకపోలేదు, ఆ కథ మాత్రం గోధుమలతో మొదలవుతుంది. అమెరికా నుంచి వచ్చిన పీఎల్ 480 గోధుమలు మీ తాతలకు బాగా తెలుసు. ఆ గోధుమలకు మనం రూపాయల్లో కట్టిన డబ్బు ఇక్కడే పోగుపడితే, 1962 నుంచి అందులో కొంత పెట్టి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు పుస్తకాలూ అలాగే సముద్రాలు దాటాయి. ఆ సంస్థ తన కేటలాగు రికార్డులకు 1898 నుంచే సొంత నంబర్లు ఇస్తోంది, ఎల్‌సీసీఎన్ అంటారు. అంటే ఐఎస్‌బిఎన్ లేని మన పుస్తకానికి కూడా అక్కడ ఒక నంబరు ఉండే వీలుంది. ఎవరైనా పుస్తకాలు చేర్చగల ఆన్‌లైన్ కేటలాగు ఓపెన్ లైబ్రరీ ఏపీఐని ఎల్‌సీసీఎన్‌తోనూ, ఓసీఎల్‌సీ నంబరుతోనూ అడగొచ్చు. 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రెండున్నర కోట్ల మార్క్ రికార్డులను ఉచితంగా దించుకోనిచ్చింది. కూర్చుని తవ్వుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మీకేమో ఐఎస్‌బిఎన్ ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే టూల్ డాక్యుమెంట్లో మొదటి ఉదాహరణ అదే. రెండో ఉదాహరణ దాకా చదివే ఓపిక లేదర్రా మీకు!

సరే, తిట్లు చాలు. పట్టా ఇచ్చాక కూడా హోంవర్క్ ఇచ్చే ముఖ్య అతిథిని మీరు చూసి ఉండరు, ఇప్పుడు చూడండి. ఇంటికెళ్లాక అటక మీదో, తాతగారి పెట్టెలోనో 1970కి ముందు అచ్చయిన తెలుగు పుస్తకం ఒకటి తీయండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో వెతకండి, రోమన్ లిపిలో నాలుగు రకాలుగా రాసి మరీ వెతకండి. దొరికితే ఆ నంబరు లోపలి అట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి. దొరక్కపోతే ఓపెన్ లైబ్రరీలో ఖాతా తెరిచి మీరే చేర్చండి. ఐఎస్‌బిఎన్ అడిగే గడి ఖాళీగా వదిలేసినా అది తీసుకుంటుంది. శీర్షిక, రచయిత పేరు రాసేటప్పుడు, గ్రంథాలయ శాస్త్రం పిల్లలూ, నడవా దాటి అవతలివాళ్ల పక్కన కూర్చోండి. పంతులు ఇంటిపేరు కాదని వాళ్లకు చెప్పేవాళ్లుండాలి కదా.