నేల మార్చబోయే ముందు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో కాపురముంటూనే నేల మార్చి చూడు అని మాత్రం ఎందుకనో అనలేదు. ఆ రోజుల్లో ఆ అవసరం లేదు మరి. పేడతో అలికి ముగ్గు పెడితే పండక్కి నేల కొత్తదయ్యేది. తరువాత సిమెంటు గచ్చు వచ్చింది, ఎర్ర గచ్చు వచ్చింది, బేతంచెర్ల బండలు, తాండూరు నాపరాళ్ళు, మొజాయిక్ వచ్చాయి. ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చే టైల్స్ మా నర్సీపట్నం ఇళ్ళ వరండాల్లో కూడా మెరుస్తున్నాయి. రంగు ఏది, డిజైను ఏది అని షాపులో పూటంతా నిలబడి ఎంచుతాం గాని, ఆ టైలు వచ్చి పడేలోగా ఇల్లు ఎలా సిద్ధం చేసుకోవాలో ఆలోచించం. నేనూ ఆలోచించలేదు. అంచేత నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని.

మొదటిది కాలం. మనది కొండల పక్క ఊరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరులు తుఫానుల నెలలు. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12నే. ఇంట్లో సామానంతా వరండాలోకి చేర్చాక వాన పట్టుకుంటే పరుపులు, పుస్తకాలు, బియ్యం మూటలు ఏం కావాలి? సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించుకుంటే అన్ని విధాలా సుఖం.

రెండోది లెక్క. మేస్త్రీ చెప్పిన పెట్టెలు కొనెయ్యకుండా మనమూ ఓసారి టేపు పట్టుకుందాం. 10 అడుగులకి 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. కోతకి, విరుగుడుకి నూటికి పది కలిపితే 132. రెండడుగుల టైల్స్ పెట్టెకి నాలుగు వస్తాయి. అవి పరిచేది సుమారు 15.5 చదరపు అడుగులు. అంటే 9 పెట్టెలు. గోడవారన నాలుగంగుళాల స్కర్టింగు కూడా ఆ టైల్సే కోసి పెట్టిస్తే ఇంకో పెట్టె. పెట్టెల మీద బ్యాచి నంబరు, షేడు నంబరు ఉంటాయి. అన్నీ ఒకటేనా అని దింపుకునేటప్పుడే చూసుకోండి. పరిచేశాక గది సగం ఒక ఛాయ, సగం మరో ఛాయ అయితే ఎవరినీ అని లాభం లేదు. పని అయ్యాక మిగిలిన నాలుగైదు టైల్స్ అటక మీద దాచుకోండి. పదేళ్ళకి ఒకటి పగిలితే ఆ డిజైను బజారులో దొరకదు.

మూడోది పాత నేల పరీక్ష. చిన్న కర్రతో గచ్చంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా పలికిన చోట భయం లేదు. డొల్లగా పలికిన చోట తవ్వించి తీరాలి. దాని మీదే టైలు వేస్తే ఆ డొల్ల టైలుకీ వస్తుంది, రోకలి పడినప్పుడు పగులుతుంది. ఇక చెమ్మ సంగతి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు ఉంచండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు పట్టాయా, కింద నుంచి చెమ్మ ఎక్కుతోందన్నమాట. దానికి తగిన మందు వేయించకుండా పని మొదలెట్టకూడదు. గుమ్మం చెక్కల దగ్గర చెదలు కనబడితే ఆ మందు కొట్టించడానికీ ఇదే సమయం. ఆ రోజు పిల్లల్ని ఇంట్లో ఉంచకండి.

నాలుగోది ఎత్తు. ఇది మాత్రం చెవులు రిక్కించి వినండి. పాత గచ్చు మీద గమ్ముతో టైలు అంటిస్తే నేల అరంగుళం నుంచి ముప్పావంగుళం లేస్తుంది. ఇసుక, సిమెంటు వేసి పరిస్తే రెండంగుళాల దాకా లేస్తుంది. నేల లేచిందంటే తలుపుల అడుగు కోయించాలి. గడప మునుగుతుంది. బాత్రూము నేల గది నేలకన్నా అరంగుళమైనా దిగువన ఉండకపోతే స్నానం నీళ్ళు మంచం కిందికొస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం మెట్లు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అత్తగారికి ఎనభై దాటాయి. చూపు ఆనదు. కాని ఎవరి చెయ్యీ పట్టుకునేవారు కారు. ఎర్ర గచ్చు నునుపు, వంటింటి గడప దగ్గర చిన్న గుంట, నేలలో పాతిన రుబ్బురోలు చుట్టూ ఉన్న గరుకు, ఇవన్నీ ఆవిడ పాదాలకి కంఠతా వచ్చు. టైల్స్ రంగు గురించి ఇంటిల్లిపాదినీ అడిగాం. ఫోనులో హైదరాబాదులో ఉన్న ఆడపడుచునీ అడిగాం. ఆవిడని మాత్రం అడగలేదు. చూపే లేనావిడకి రంగుతో పనేమిటి అనుకున్నాను, తప్పు నాదే.

పని అయింది. ఇల్లు అద్దంలా ఉంది. మూడోనాడు పొద్దున్నే తులసమ్మకి నీళ్ళు పోద్దామని ఆవిడ వంటింట్లోంచి పెరట్లోకి అడుగేశారు. వంటింటి నేల రెండంగుళాలు లేచింది, పెరడు పాతదే. ఆరంగుళాల మెట్టు ఎనిమిదంగుళాలైంది. ఆ సంగతి మాకెవరికీ తోచలేదు. ఆవిడ పాదం ఆరంగుళాల దగ్గర నేల కోసం వెదికింది. నేల లేదు. కిందపడ్డారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రాత్రి ఆవిడ పక్కన కూర్చుని, "అత్తయ్యా, నన్ను క్షమించండి" అన్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. "నీదేం తప్పే అమ్మాయీ. అరవై ఏళ్ళు తిరిగిన ఇల్లు నా కాళ్ళకి తెలియకుండా పోయిందే, అదే నా బాధ" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే చెబుతున్నాను. మేస్త్రీ వచ్చిన మొదటి రోజే ఇంటికున్న ప్రతి మెట్టునీ, ప్రతి గుమ్మాన్నీ టేపుతో కొలిచి కాగితం మీద రాయండి. నేల ఎంత లేస్తుందో అడిగి, దాని పక్కనే మెట్టు ఎంతవుతుందో రాయండి. తేడా వచ్చిన చోట మధ్యలో ఇంకో మెట్టు కట్టించడమో, బయట నేల కూడా లేపించడమో ముందే మాట్లాడుకోండి. బాత్రూముకి, పెరటి గుమ్మానికి, వరండాకి మెరిసే టైలు వద్దు. తడిస్తే జారుతుంది. గరుకు టైలే అడగండి. ఆ వయసులో తుంటి విరిగితే మళ్ళీ లేచి తిరగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక సామాను. అంతా ఒకేసారి బయట పెట్టకండి. సగం ఇల్లు ముందు, సగం తరువాత చేయించండి. పరిచిన టైలు మీద కనీసం ఒక రోజు అడుగు పెట్టకూడదు. కనుక రాత్రివేళ బాత్రూముకి దారి ఎటో ముందే తేల్చుకోండి. బీరువా ఖాళీ చేసి కదపండి. నగలు, దస్తావేజులు ఆ పది రోజులూ బ్యాంకు లాకరులోనో, పుట్టింట్లోనో ఉంచడం మంచిది. ఫ్రిజ్ ముందురోజే ఆపి మంచు కరగనిచ్చి, నిలువుగానే మోయించండి. పడుకోబెట్టక తప్పకపోతే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వెయ్యండి. గ్యాసు రెగ్యులేటరు కట్టి, సిలిండరు విప్పి గాలి ఆడే చోట పెట్టండి. నేలలోంచి నీళ్ళ గొట్టం, కరెంటు వైరు ఎటు వెళ్ళాయో తెలిసినంత వరకు సుద్దతో గీసి మేస్త్రీకి చూపండి. గునపం పడ్డాక తెలిస్తే ఆలస్యమే. దేవుడి పటాలు మంచిరోజు చూసి ముందుగా కదిపితే మేస్త్రీని నిలబెట్టి పంచాంగం వెదికే పని ఉండదు.

దుమ్ము మాట మరవకండి. టైలు కోసే మిషను లేపే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. కోత పని పెరట్లో, నీళ్ళు పోస్తూ చేయమనండి. గదుల తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. ఉబ్బసం ఉన్నవాళ్ళని, పసిపిల్లలని నాలుగు రోజులు బంధువులింటికి పంపండి. మన ఇంట్లో పని చేసే కుర్రాళ్ళకి మాస్కులు మనమే కొనిద్దాం. వాళ్ళ ఇళ్ళలోనూ తల్లులున్నారు. తవ్విన గచ్చు పెళ్ళలు వీధి కాలువలో పోయించకండి. తొలి వానకే ఆ నీళ్ళు తిరిగి మన గుమ్మంలోకే వస్తాయి.

పని ముగిశాక వారం దాకా బరువులు పెట్టకండి. చివరగా ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే చెయ్యి పట్టుకుని కొత్త నేల మీద ప్రతి గదీ, ప్రతి గుమ్మం, ప్రతి మెట్టూ నడిపించండి. ఒక రోజు కాదు, వారం రోజులు. చెప్పులు లేకుండా.

మేం ఆ పెరటి మెట్టు దగ్గర రెండో మెట్టు కట్టించాం, చేతికి అందేలా గోడకి ఇనుపకమ్మీ వేయించాం. తవ్వి తీసిన రుబ్బురోలుని పారెయ్యకుండా తులసికోట పక్కన పెట్టాం. ఇప్పుడు మా అత్తగారు పొద్దున్నే కమ్మీ పట్టుకుని రెండు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతారు. రోలు అంచు కాలికి తగలగానే "ఆఁ, వచ్చేశాను" అంటారు. వంటింట్లో ఉన్న నాకు ఆ మాట వినబడితే గాని కాఫీ తాగబుద్ధి కాదు.

మీ ఇంటి నేల కూడా చక్కగా కుదరాలని కోరుకుంటూ, ఇక సెలవు.