రాసింది నేనే, చెప్పింది సేటు

 

ఇందాక పట్టాలందుకోవడానికి గౌను తీసుకునేటప్పుడు మీరంతా ఒక రిజిస్టర్లో సంతకం పెట్టారు. ఆ పేజీ పైన ఏం రాసి ఉందో చదివినవాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ లేరు. సిగ్గుపడకండి, నేనూ చదవలేదు. గౌను పోగొడితే ఎంత కట్టాలో అందులో ఉందట, రిజిస్ట్రార్ గారు ఇప్పుడే చెవిలో చెప్పారు.

లేబర్ డిపార్ట్‌మెంట్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని. జనం కూలీలను చూసి ఉంటాననుకుంటారు. నేను ఎక్కువగా చూసింది కాగితాలను. అందుకని ఇవాళ కాగితం గురించే చెబుతాను.

వెట్టినే తీసుకోండి. వెట్టి అనగానే మన కళ్ల ముందు గడీ, దొర, కొరడా కనబడతాయి. అబద్ధమేమీ కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. కానీ కొరడా పక్కనే ఒక పుస్తకం కూడా ఉండేది. తాత కరువులో తెచ్చుకున్న గింజలకు నాగు మీద నాగు (వడ్డీ మీద వడ్డీ) కట్టి, ఆ అప్పును మనవడి నెత్తి దాకా మోసుకొచ్చింది ఆ పుస్తకం. అప్పు కింద మనిషి ఊడిగం చేసే ఆ పద్ధతిని నిజాం రాజ్యంలో భగేలా అనేవారు. దాన్ని కట్టడి చేస్తూ 1936లో సర్కారే చట్టం తెచ్చింది. చట్టం కచేరీలో ఉంది, జీతగాడు దొర కొట్టంలోనే ఉన్నాడు. కొరడా పట్టినవాడికి చదువు అక్కర్లేదు. పుస్తకం రాసేవాడికి కావాలి. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చినవాడే ఆ లెక్క రాశాడు.

సముద్రం దాటినా అంతే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు మొదటి కూలీలను దించిన ఓడ అది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లోనూ మన తెలుగువాళ్లు ఎందరో. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. అగ్రిమెంటన్న మాట కూలీల నోట గిర్మిట్ అయింది. తోట దాటి బయటికెళ్లాలంటే చీటీ ఉండాలి. అయిదేళ్లూ చేసి బయటపడ్డాక అక్కడే బతుకుదామంటే, 1895లో చేసిన చట్టం ప్రకారం ఏటా 3 పౌండ్ల పన్ను. కట్టలేకపోతే మళ్లీ గిర్మిట్ రాయాలి, లేదా ఓడెక్కాలి. తోట యజమాని చెయ్యి చేసుకోనక్కర్లేకుండా పన్నే మనిషిని తోటలోకి తోసింది. ఎంత శుభ్రమైన పద్ధతో చూడండి! గాంధీ గారు నడిపిన 1913 సమ్మె తర్వాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. ఇంగ్లీషు ప్రతిలోనూ 'బేగార్' అని మన మాటే ఉంచారు. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. న్యాయశాస్త్రం చదివినవాళ్లకు ఇవి కొత్త కాదు. మిగతావాళ్లు, ముఖ్యంగా సివిల్ ఇంజినీర్లు, 1982 నాటి ఒక తీర్పు కాస్త వినండి.

ఢిల్లీలో ఏషియాడ్‌కు స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్నారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశా కూలీలు. కాంట్రాక్టరు తల ఒక్కింటికి రోజుకు 9 రూపాయల 25 పైసలు జమాదారు చేతికిచ్చేవాడు. అదే కనీస వేతనం. జమాదారు రూపాయి ఉంచుకుని 8 రూపాయల 25 పైసలు కూలీకిచ్చేవాడు. ఒక పౌరహక్కుల సంఘం దీని మీద ఉత్తరం రాస్తే సుప్రీంకోర్టు దాన్నే పిటిషనుగా తీసుకుంది. జస్టిస్ భగవతి ఏమన్నారంటే, కనీస వేతనం కన్నా తక్కువకు ఎవరైనా పనిచేస్తున్నారంటే ఏదో బలవంతం ఉన్నట్టే, ఆకలి కూడా బలవంతమే, కాబట్టి అది వెట్టి. గొలుసు లేదు, కాపలా లేదు, ఒక్క రూపాయి. మీలో కొందరు ఏడాది తిరక్కుండానే సైట్లో మస్టర్ రోల్ మీద సంతకం పెడతారు. ఆ రూపాయి మీ కాగితంలో కనబడదు. కాగితంలో అన్నీ సరిగ్గానే ఉంటాయి.

గల్ఫ్ సంగతి జగిత్యాల, సిరిసిల్ల పిల్లలకు నేను చెప్పేదేముంది? లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను. మీ ఇంట్లో ఎంత అప్పు చేశారో మీకు తెలుసు. అక్కడ దిగగానే కఫీల్, అంటే పనికి పెట్టుకున్న యజమాని, చాలాసార్లు పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెడతాడు. మన చట్టం ప్రకారం ఆ పాస్‌పోర్టు మోసుకెళ్లినవాడిది కూడా కాదు, భారత ప్రభుత్వం ఆస్తి.

ఇక నేను చూసిన ఒక పుస్తకం. చాలా ఏళ్ల కిందట ఒక ఇటుక బట్టీ తనిఖీకి వెళ్లాం. ఊరూ పేరూ వద్దు. కూలీలు ఒడిశాలోని బలంగీర్ వైపువాళ్లు. కూలీలను కుదిర్చే సర్దార్ ముందే ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. మొగుడూ పెళ్లామూ, తోడు ఇంకొకరు, చాలాసార్లు వాళ్ల పిల్లో పిల్లాడో, కలిపి ఒక లెక్క. దాన్ని పథూరియా అంటారు. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు.

లెక్క పుస్తకం అడిగితే ఎర్ర అట్ట రిజిస్టరు తెచ్చిచ్చారు. అంత ముచ్చటైన దస్తూరీ నేను మా ఆఫీసులో కూడా చూడలేదు. కుటుంబానికొక పేజీ. చేసిన ఇటుకలు ఒకవైపు. వానకు కరిగినవి, విరిగినవి తీసివేత. వారం వారం నూకలకిచ్చిన డబ్బు అప్పుకు కలుపు. ప్రతి వారం కింద ఊదారంగు వేలిముద్ర. కూడికలు తిరగేసి చూశాను, ఒక్క తప్పు లేదు. అయిదు నెలల చాకిరీ తర్వాత అప్పు మాత్రం పెరిగింది.

రాసిన కుర్రాడు అక్కడే నిలబడ్డాడు. ఇరవై మూడేళ్లుంటాయేమో. బీకాం, ఫస్టు క్లాసు.

"ఇది నువ్వే రాశావా?"

"రాసింది నేనే సార్, చెప్పింది సేటు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. భయమేసింది. నా సర్వీసులో నేనూ ఎన్ని ఫైళ్లకు ఆ జవాబు చెప్పుకున్నానో గుర్తొచ్చింది.

ఆ రాత్రి ఆర్డీవో ఆఫీసులో ఆ కూలీలకు వెట్టి నుంచి విముక్తి పత్రాలు రాయాలి. తొమ్మిదయింది, కరెంటు పోయింది, రాసేవాళ్లు ఇద్దరే. తెల్లారితే కూలీలు రైలెక్కాలి. ఆ కుర్రాడు వాంగ్మూలం ఇచ్చి గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాడు. "నేను రాయనా సార్?" అన్నాడు. కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టాం.

పత్రం ఒక్కో మనిషికి ఒక్కటి. బట్టీ పుస్తకంలో పేజీ మీద మొగవాడి పేరొక్కటే ఉండేది. ఆ కుర్రాడు మొదటి పత్రం పూర్తిచేసి, రెండోది తీసుకుని, కలం ఆపి తలెత్తాడు. అయిదు నెలలుగా ప్రతి వారం నూకల డబ్బు చేతికిచ్చి, ఆ వేలును తనే పట్టుకుని పుస్తకం మీద నొక్కించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"అమ్మా, నీ పేరేంటి?" అని అడిగాడు.