కొండ మీద విల్లా, కింద సముద్రం: ఇంటిల్లిపాదికీ సరిపోయేది ఎలా ఎంచుకోవాలి?

ముందుగా ఒక చిన్న క్లారిటీ. నేను మాట్లాడేది చిలుకూరు నుంచే, కానీ వీసా బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు, అది హైదరాబాద్ పక్కన. మాది కోదాడ పక్క చిలుకూరు, సూర్యాపేట జిల్లా. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించుకునే ఊరు. ఇవాళ మాత్రం సముద్రం గురించి మాట్లాడుకుందాం.

డిసెంబర్‌లో మా అన్న, వదిన, ఇద్దరు పిల్లలు అమెరికా నుంచి వస్తున్నారు. అందరం కలిసి ఒక మంచి విల్లాలో రెండు రాత్రులు ఉండాలని ప్లాన్. అత్తయ్య, మామయ్యలతో కలిపి మొత్తం పది మందిమి. అన్న మొదట పంపిన లింకులు ఏంటో తెలుసా? ఇటలీవి. పొజిటానో, రవెల్లో, అమాల్ఫీ తీరం. కొండ వాలు మీద రంగురంగుల ఇళ్ళు, కింద నీలం సముద్రం. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన తీరం అది. అందంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

కానీ ఆ లింకులు ఓపిగ్గా చదవండి. రవెల్లో సముద్రానికి 365 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొజిటానోలో చాలా ఇళ్ళకి కారు వెళ్ళదు, రోడ్డు నుంచి మెట్లే దారి. పెట్టెలు మోయడానికి కూడా మనుషుల్ని పెట్టుకుంటారు. ఇక కాగితాల పని. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. మా నాయనమ్మకి అసలు పాస్‌పోర్టే లేదు. ఆవిడ ఇంతవరకు సముద్రం కూడా చూడలేదు. ఆవిడని ఇంట్లో పెట్టి మేమంతా ఇటలీ పోతే, అది ఫ్యామిలీ ట్రిప్ ఎలా అవుతుంది?

అందుకే కొండా సముద్రం రెండూ పక్కపక్కనే ఉండే ఊరు మన దగ్గరే చూశాం. అదే భీమిలి. వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుంటూ భీమిలి వస్తుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వ్యాపారం చేసిన రేవు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. వెనకాల పావురాలకొండ మీద బౌద్ధుల కాలం నాటి శిథిలాలున్నాయి. అంటే చరిత్ర విషయంలో కూడా మనం ఏం తక్కువ తినలేదు.

సరే, ఊరు కుదిరింది. విల్లా ఎలా ఎంచుకోవాలి? సాఫ్ట్‌వేర్‌లో మాకు ఒక అలవాటు ఉంది. ముందు స్కోర్లు వేయం, ముందు ఫిల్టర్ పెడతాం. ఏది లేకపోతే అసలు కుదరదో అది ఫస్ట్ రాస్తాం. పూల్ బాగుందా, ఇంటీరియర్ బాగుందా అన్నవి ఆ తర్వాత సంగతి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఫోటో నచ్చుతుంది, తర్వాత ఆ ఫోటోకి తగ్గట్టు ఇంట్లో వాళ్ళని సర్దుతారు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొండ మీద ఒక విల్లా అందరికీ తెగ నచ్చింది. నాలుగు బెడ్‌రూములు, ఇన్ఫినిటీ పూల్, గ్లాసు గోడలు. నాన్నకి ఫోటోలు చూపిస్తే, "బాగుందిరా. మీరు పోయి రండి, నాకు పొలం కాడ పనుంది" అన్నారు. డిసెంబర్ మధ్యలో పనేముంటుంది? వానాకాలం వడ్లు అమ్మడం అయిపోతుంది, యాసంగి నార్లు పోసే టైం. పని లేదనను, కానీ మూడు రోజులు బాబాయి చూసుకోలేనంత పని కాదు. అసలు సంగతి అమ్మ చెప్పింది: "మోకాళ్ళు నొస్తున్నాయిరా ఆయనకి. ఆ మెట్లు చూసి అట్లంటున్నాడు. మీకు చెప్పడు."

దయచేసి ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు "మీరు పోయి రండి" అన్నారంటే, అందులో సగం సార్లు ఏదో ఒక మెట్టు, ఏదో ఒక బాత్రూం, ఏదో ఒక ఖర్చు దాక్కుని ఉంటుంది. వాళ్ళు మనకి భారం కాకూడదని తప్పుకుంటారు. మనం సరే అని టికెట్లు బుక్ చేసుకుంటాం.

అందుకని మా మొదటి ఫిల్టర్ మెట్లు. ఆ కొండ మీది విల్లా ఓనర్‌ని అడిగితే, కారు ఆగే చోటు నుంచి ఇంటికి 44 మెట్లు అన్నారు. ఒక్కో మెట్టు ఆరున్నర అంగుళాలు వేసుకున్నా దాదాపు 24 అడుగులు, అంటే రెండు అంతస్తులకి పైనే. రోజుకి రెండుసార్లు బయటికి వెళ్ళొస్తే 176 మెట్లు ఎక్కి దిగాలి. లిస్టింగ్‌లో మాత్రం "కొద్దిపాటి మెట్లు" అని ఉంది.

దీనికి నేను వాడే పద్ధతి ఇది. ఓనర్‌ని వీడియో కాల్ చేయమనండి. కాల్ పార్కింగ్ దగ్గర మొదలవ్వాలి. మధ్యలో కట్ చేయకుండా నడుచుకుంటూ వచ్చి, పెద్దవాళ్ళు పడుకునే మంచం దాకా, అక్కడి నుంచి బాత్రూం దాకా చూపించాలి. మెట్లు లెక్కపెట్టండి, పక్కన రెయిలింగ్ ఉందా చూడండి. బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్ ఉందా, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల జారుతుందా అడగండి. ఇదే మన ఎండ్ టు ఎండ్ టెస్ట్. ఐదు నిమిషాల పని. దీనికి ఒప్పుకోని ఓనర్‌కి అడ్వాన్స్ పంపకండి.

రెండోది, ఫోటోలు నమ్మొచ్చా? ఒక చిన్న లాజిక్ చెప్తా. మన తీరం బంగాళాఖాతం, సముద్రం తూర్పు వైపు. సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. కాబట్టి భీమిలి విల్లా అని చెప్పి "సముద్రంలో సూర్యాస్తమయం చూస్తూ పూల్‌లో గడపండి" అని రాశారంటే, రాసినవాళ్ళు అక్కడికి వెళ్ళలేదు, లేదా ఆ ఫోటో ఆ ఇంటిది కాదు. అలాగే "సీ వ్యూ" వేరు, "సీ ఫేసింగ్" వేరు. బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కనపడేదాన్ని కూడా సీ వ్యూ అంటారు. లొకేషన్ పిన్ అడిగి శాటిలైట్ మ్యాప్‌లో ఇంటికి, సముద్రానికి మధ్య ఏముందో చూసుకోండి.

మూడోది, ప్రయాణం. మా చిలుకూరు నుంచి కారులో అయితే విజయవాడ మీదుగా సుమారు 450 కిలోమీటర్లు, ఎనిమిది తొమ్మిది గంటలు. నాయనమ్మకి అంతసేపు కూర్చోవడం కష్టం. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ ఖమ్మంలో ఆగుతుంది, కానీ అందులో సీట్లే, పడుకోవడానికి ఉండదు. అందుకే మేము గోదావరి ఎక్స్‌ప్రెస్ అనుకున్నాం. రాత్రి ఖమ్మంలో ఎక్కి బెర్త్ మీద పడుకుంటే పొద్దున్నే వైజాగ్. ఇక్కడ ఒక మెలిక ఉంది. రైలు దిగేది పొద్దున్నే, విల్లా చెక్ ఇన్ మధ్యాహ్నం రెండింటికి. ముసలావిడని పెట్టుకుని ఆ ఎనిమిది గంటలు ఎక్కడ తిరుగుతాం? కాబట్టి ఎర్లీ చెక్ ఇన్ ఇస్తారా, ఎంత తీసుకుంటారు అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

నాలుగోది వాతావరణం. హుద్‌హుద్ తుపాను వైజాగ్ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబర్ 12న. అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. డిసెంబర్‌లో కూడా భయం పూర్తిగా పోదు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు వాపస్ ఇస్తారా, లేక తేదీ మారుస్తారా? ఈ ప్రశ్న అడగండి. జనరేటర్ ఉందా, నీళ్ళు బోరువా, ట్యాంకరువా అన్నవి కూడా అప్పుడే అడిగేయండి.

ఐదోది, ఆ ఇల్లు అక్కడ ఉండొచ్చా? ఇది ఎవరూ అడగరు. సముద్రం పోటు గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ నిబంధనలు ఉంటాయి. 1991లో మొదలై 2011లో, 2019లో మారాయి. 2011 నిబంధనల్లో గ్రామీణ ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లు కొత్త నిర్మాణాలు నిషేధం. జనసాంద్రత ఎక్కువ ఉన్న చోట్ల 2019లో దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. పట్టణాల్లో అయితే అప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో భూమి వైపే కట్టాలి. ఇవన్నీ మనకెందుకు అంటారా? భీమిలి బీచ్‌లో కట్టిన ఒక కాంక్రీటు గోడని 2024లో హైకోర్టు ఆదేశాల తర్వాత కూల్చేశారు. అలాంటి గొడవలో ఉన్న చోట మనం బుక్ చేస్తే, పోయేది మన అడ్వాన్సూ, మన సెలవులూ. అలలకి మరీ ఆనుకుని కొత్తగా కట్టింది కనపడితే రెండుసార్లు ఆలోచించండి.

ఆరోది డబ్బు. ఆ కొండ మీది విల్లా రాత్రికి 30,000 రూపాయలు. రెండు రాత్రులకి 60,000. రోజు అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 10,800. మొత్తం 70,800. భీమిలి ఊరికి దగ్గర్లో మాకు దొరికిన ఇంకో ఇల్లు రాత్రికి 18,000. ట్యాక్స్‌తో కలిపి రెండు రాత్రులకి 42,480. తేడా 28,320. అందులో రైల్లో ఏసీ బెర్తులు, అక్కడ తిరగడానికి బండి వచ్చేస్తాయి. ఇంకో విషయం, జీఎస్టీ అడిగితే జీఎస్టీ నంబర్ అడగండి. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఆ పేరుతో వసూలు చేయకూడదు. వంటమనిషి, ఎక్స్‌ట్రా బెడ్, సెక్యూరిటీ డిపాజిట్ అన్నీ కలిపి ఒకే కాగితం మీద రాయించుకోండి. యూపీఐలో మొత్తం ముందే పంపమని తొందరపెడితే ఆగండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీ ఇంట్లో కూడా ఎన్ఆర్ఐలు ఉంటే ఇంకోటి. అన్న పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బస చేస్తే, ఇంటి యజమాని ఆ వివరాలు 24 గంటల్లోగా ఇమిగ్రేషన్ పోర్టల్‌లో పెట్టాలి. ఆ పద్ధతి తెలిసిన ఓనరేనా కనుక్కోండి. ఏమీ తెలియదంటే అక్కడ గెస్టులకి సంబంధించిన మిగతా రూల్స్ కూడా అంతంత మాత్రమే అని అర్థం.

చివరిది, పిల్లల భద్రత. పూల్ చుట్టూ కంచె ఉందా, లోతు ఎంత? సముద్రంలో అలలు విరగకుండా నున్నగా కనపడే సందు ఉంటుంది చూశారా, పిల్లలు అక్కడికే పోతారు. లోపలికి లాగే ప్రవాహం ఎక్కువగా అలాంటి చోటే ఉంటుంది. అందులో పడితే ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. దిగేదేదో లైఫ్‌గార్డులు ఉన్న చోట దిగండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండ దగ్గర్లోనే ఉంది. పెద్ద అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, బయల్దేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

ఇంతకీ మేము ఏది బుక్ చేశాం? 18,000ది. దానికి ఇన్ఫినిటీ పూల్ లేదు. మామూలు డాబా ఇల్లు, కింద రెండు గదులు, గుమ్మం దగ్గర మూడే మెట్లు. పైన డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది, ఎక్కలేనివాళ్ళకి రోడ్డు దాటితే ఇసుక. అన్నకి కొంచెం నిరాశే. "లైఫ్‌లో ఒక్కసారి నాన్నకి గ్రాండ్‌గా ఏదైనా చేద్దాం అనుకున్నారా" అన్నాడు. అన్న మనసు నాకు తెలుసు, తను అక్కడ పడే కష్టమంతా ఆ ఒక్క ఫోటో కోసమే అన్నట్టు ఉంటుంది. నేను ఒకటే అడిగాను, ఆ ఫోటోలో నాన్న ఉంటారా లేదా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడ్వాన్స్ తనే కట్టాడు.

నాన్నకి ఫోన్‌లో ఆ మూడు మెట్లు చూపించాను. ఏం అనలేదు. నిన్న రాత్రి మాత్రం బాబాయికి ఫోన్ చేసి, ఆ మూడు రోజులు నారుమడికి నీళ్ళు ఎవరు పెడతారో మాట్లాడుతున్నారు.

ఈ సంక్రాంతికో, ఎండాకాలం సెలవులకో మీరు కూడా ప్లాన్ చేస్తుంటే, ముందు ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని అడగండి. వాళ్ళకి సరిపోయిన ఇల్లు మిగతా అందరికీ సరిపోతుంది. ఈ వీడియో ఉపయోగపడుతుందనుకుంటే మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. మళ్ళీ కలుద్దాం, ఉంటానండీ.