చెరువు అడుగున కాపురము

శేరిలింగంపల్లి పేరు వినగానే నేడు మనకు అద్దాల మేడలు, కంప్యూటర్ కొలువులు స్ఫురించును. కాని ఈ సీమకు చెరువులే తొలి సంపద. మాదాపురము చెంత బండరాళ్ల నడుమ నున్న దుర్గము చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు మంచినీరు అందించినది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది. వంతెన దీపములను చూచి ఆనందించు మనము, మన చెరువుల అడుగున ఎవరు కాపురముందురో కూడ తెలిసికొనుట ఉచితము.

హైదరాబాదు చెరువులలో నేడు కనబడు చేపలలో తిలాపియా యొకటి. కొందరు దీనిని జిలేబీ చేప యందురు. ఇది సిక్లిడ్ కుటుంబమునకు చెందినది. బొచ్చె, శీలావతి వంటి చేపలకు ముట్టెపై ఇరుప్రక్కల రెండేసి నాసికా రంధ్రములుండగా, సిక్లిడ్లకు ప్రక్కకొక్కటియే యుండును.

ఈ కుటుంబమువారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. కేరళ కాయళ్లలోను, మన పులికాటు సరస్సులోను దేశవాళీ సిక్లిడ్ యొకటి కలదు. కేరళ ప్రభుత్వము 2010లో దానిని రాష్ట్ర మత్స్యముగ ప్రకటించినది. దాని తమ్ముని వంటి మరియొక చిన్నచేప కలదు. నారింజ వన్నెది, అరచేతిలో ఇముడునది. దాని పిల్లలు తల్లిదండ్రుల మేనిపై నూరు జిగురును మేయుచు పెరుగును. వీని దగ్గరి చుట్టములు మడగాస్కరు దీవిలో నున్నవి.

తిలాపియా పుట్టినిల్లు మాత్రము ఆఫ్రికా తూర్పు ప్రాంతపు నదులు. ఆహారపు కొరత తీర్చునను ఆశతో 1952లో దీనిని సింహళము నుండి మండపమునకు తెచ్చిరి. దీని సంసారము చూడదగినది. మగచేప ఇసుక లేక మెత్తని మట్టి గల అడుగును ఎన్నుకొని, నోటితో ఇసుక నెత్తి ఆవల ఉమ్మివేయుచు, పళ్లెము వంటి గుంటను త్రవ్వును. ఆడచేప అందు గ్రుడ్లు పెట్టి, వెంటనే వానిని నోటిలోనికి తీసికొనును. పిల్లలు స్వయముగ ఈదనేర్చు వరకు, అనగా రెండు మూడు వారములు, ఆ తల్లి దాదాపు పస్తుండును. ఆపద తోచినపుడు పిల్లలు మరల తల్లి నోటనే దూరును.

ఇంతటి మాతృప్రేమయే తుదకు చిక్కు తెచ్చినది. బొచ్చె, శీలావతి లక్షల గ్రుడ్లు పెట్టి విడిచిపోవును. వానిలో దక్కునవి కొన్నియే. తిలాపియా పెట్టునవి వందలే యైనను, కాపుదల వలన చాలభాగము దక్కును. పిల్లలు రెండు మూడు నెలలకే ఈడేరి తామును గుంటలు త్రవ్వ నారంభించును. సంతతి పెరుగును, మేత చాలదు, చేప అరచేతి పరిమాణమున నిలిచిపోవును. అందుచేత 1959లో భారత మత్స్య పరిశోధన సంఘము దీని వ్యాప్తిని నిషేధించినది. అయినను చేప నిషేధము నెరుగదు గదా! వాగుల వెంట, వలల వెంట అది సాగిపోయినది.

మనము గమనింపవలసిన ముఖ్య విషయ మింకొకటి కలదు. మురుగు చేరి ప్రాణవాయువు తగ్గిన నీటిలో బొచ్చె, శీలావతి తాళజాలవు, తిలాపియా తాళును. కనుక చేపలు కదలాడుచున్నవని చెరువు క్షేమముగ నున్నదనుకొనరాదు. ఏయే చేపలు మిగిలినవో చూడవలెను. ఒక్క తిలాపియాయే మిగిలినచో, అది చెరువు మనకు పంపు హెచ్చరిక. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులలో చేపపిల్లలను విడుచుచున్నది. ఆ పిల్లలు పెరిగిననే మత్స్యకారుని వల నిండును. మురుగు నీటిలోను, మేతకై పోటీ మిక్కుటమైన చోటను ఆ ఆశ నెరవేరుట కష్టము.

నేరము చేపది కాదు. దానిని తెచ్చినవారు మనుష్యులు. దానికి తగినట్లు నీటిని చెరచినవారును మనుష్యులే. ఇంట గాజుతొట్టిలో పెంచిన పరదేశపు చేపలను, విసుగు పుట్టినపుడు, దయ యని తలచి చెరువులో విడువకుందము. ఇంటి మురుగును, కూల్చిన గోడల మట్టిని చెరువునకు చేర్చకుందము. అడుగు శుభ్రముగ నున్ననే పైనీరు నిలుచును, పలుజాతుల చేపలకును అందు చోటు దొరకును.