తుపాకిగుండు వేగము: కొలతయు, కొలతకు పరీక్షయు



ధాన్యము కొలుచు కుంచము నెఱుగని రైతు లేడు. ఒక కుంచమునకు అడుగుచెక్క మందముగా నున్నదనుకొనుడు. దానితో పదిమారులు కొలిచినను ప్రతిమారును ఒకే పరిమాణము వచ్చును. కాని పదిమారులును కొలత తక్కువే. కొలత మాటిమాటికి ఒకే రీతిగా వచ్చుట వేఱు, సరిగా వచ్చుట వేఱు. కుంచము విషయమున ఈ భేదము మరియొక కుంచముతో సరిచూచిన తేలిపోవును. కంటికి అందని వేగముతో పోవు తుపాకిగుండు విషయమున ఈ భేదమును గుర్తించుటకు శాస్త్రజ్ఞులు 280 సంవత్సరములకు పైగా శ్రమించిరి. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగమునకు విషయము.

గుండు వేగమును కొలుచుట యుద్ధవిద్యకు మాత్రమే సంబంధించిన పని కాదు. పోలీసులు ధరించు రక్షణకవచమును పరీక్షించునపుడు నిర్ణీతమైన వేగముగల గుండును దానిపై పేల్చుదురు. వేగమును కొలుచు యంత్రము ఉన్నదానికంటె ఎక్కువ చూపుచున్నయెడల, గుండు నిజముగా తక్కువ వేగముతోనే తగిలియుండును. అప్పుడు బలహీనమైన కవచము గూడ పరీక్షలో నెగ్గును. ఆ తప్పు పరీక్షాశాలలో బయటపడదు. కవచమును నమ్మి ధరించినవాని యెదపై బయటపడును.

పూర్వము గుండు వేగమును తిన్నగా కొలుచు ఉపాయము లేకుండెను. గుండు పడిన దూరమునుబట్టి వేగమును గణించుచుండిరి; గాలి కలిగించు నిరోధము స్వల్పమని తలచుచుండిరి. 1742లో బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు ‘న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ’ అను గ్రంథమున లోలకపద్ధతిని వివరించెను. ఇనుపపలకకు కొయ్యదిమ్మను బిగించి, దానిని వ్రేలాడగట్టి, అందులోనికి గుండును పేల్చవలెను. గుండు దిమ్మలో నాటుకొనును. రెండును కలిసి వెనుకకు ఊగును. క్రింద కట్టిన నాడా ఎంత పొడవు లాగబడెనో చూచినచో ఊపు ఎంతయో తెలియును.

ఒక ఉదాహరణము చూడుడు. 30 గ్రాముల గుండు సెకనుకు 500 మీటర్ల వేగముతో 30 కిలోగ్రాముల లోలకమును తాకినదనుకొనుడు. లోలకము బరువు వేయిరెట్లు గనుక, ద్రవ్యవేగ నియమముచొప్పున అది సెకనుకు సుమారు అరమీటరు వేగముతో కదలును. కనులకు అందని వేగము ఉయ్యాల ఊపంత నెమ్మదియగును. లోలకము పొడవు 1.6 మీటర్లైనచో నాడా సుమారు 20 సెంటీమీటర్లు లాగబడును. ఆ కొలతలో 1 మిల్లీమీటరు పొరబడినచో గుండు వేగములో రెండున్నర మీటర్ల తప్పు వచ్చును.

ఈ మోటు సాధనమే గొప్ప సత్యమును బయటపెట్టినది. రాబిన్స్ కొలిచిన తుపాకిగుండు వేగము సెకనుకు సుమారు 1,700 అడుగులు. గాలి నిరోధమే లేనిచో అంత వేగముగల గుండు 17 మైళ్లు పోవలెను. నిజముగా పోవునది అరమైలునకు లోపలనే. గాలి నిరోధము స్వల్పమన్న పూర్వుల తలంపు దీనితో కూలిపోయినది. మహాగణితజ్ఞుడైన ఆయిలరు 1745లో ఆ గ్రంథమును జర్మనుభాషలోనికి తెచ్చి వ్యాఖ్యానము చేర్చెను. పిమ్మట ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయుటకై రాబిన్స్ 1750లో చోళమండల తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను.

లోలకము గుండును ఆపిగాని కొలువదు. పోవుచున్న గుండును ఆపకయే కొలుచు యంత్రములకు క్రోనోగ్రాఫులని పేరు. రెండు గుర్తుల నడిమి దూరమును, ఆ దూరమును దాటుటకు పట్టిన కాలముచే భాగించుటయే వానిలో పెక్కింటికి మూలసూత్రము. సూత్రము బాలురకు గూడ తెలిసినదే. చిక్కంతయు ఆ స్వల్పకాలమును కొలుచుటలో కలదు.

1860 తరువాతి దశకమున బెల్జియం సేనాధికారి లె బూలాంజె నిర్మించిన క్రోనోగ్రాఫు వీనిలో సుప్రసిద్ధము. విద్యుదయస్కాంతములు రెండు కడ్డీలను పట్టుకొనియుండును. గుండు మొదటి తెరలోని తీగను తెంపగానే పొడుగు కడ్డీ పడనారంభించును. రెండవ తెర తీగ తెగగానే పొట్టి కడ్డీ పడి ఒక మీటను తాకును. వెంటనే చిన్న కత్తి విడివడి, పడుచున్న పొడుగు కడ్డీపై గాటు పెట్టును. గాటు ఉన్న యెత్తునుబట్టి కాలము తేలును.

ఇందులో మెచ్చుకొనదగిన యుక్తి వేఱొకటి కలదు. అయస్కాంతము విడుచుటకు, కత్తి కదలుటకు కొంత ఆలస్యమగును గదా! అందుచే గుండు పేల్చకమునుపు రెండు విద్యుత్ప్రవాహములను ఒకేమారు తెంపుదురు. అప్పుడు పడిన గాటు యంత్రము యొక్క స్వంత ఆలస్యమును చూపును. దానిని 0.15 సెకనుగా, అనగా సుమారు 110 మిల్లీమీటర్ల యెత్తుగా, సవరించి యుంచి, తుది లెక్కలో తీసివేయుదురు. తన లోపమును దాచక, దానిని కొలిచి తీసివేయుటకు వీలిచ్చుటయే ఈ యంత్రమునకు గౌరవము తెచ్చినది.

అయినను తెరల నడిమి దూరము ముఖ్యము. వేగము 500 మీటర్లు, తెరల యెడము 50 మీటర్లు అయినచో, గాటు చదువుటలో 0.1 మిల్లీమీటరు పొరపాటువలన వేగములో 0.2 మీటరు తప్పు మాత్రమే కలుగును. తెరల యెడము 5 మీటర్లైనచో అదే పొరపాటు 3 మీటర్లకు మించిన తప్పగును. యంత్రమదియే, చదువరియు అతడే; అమరికనుబట్టి సత్యము మారినది.

పిమ్మట కాంతితెరల క్రోనోగ్రాఫులు వచ్చినవి. గుండు నీడ మొదటి కాంతిగ్రాహకముపై పడగానే ఎలక్ట్రానిక్ గడియారము నడువసాగును. రెండవదానిపై పడగానే నిలుచును. ఈ గడియారములు సెకనులో పదిలక్షలవ వంతును గూడ గుర్తింపగలవు. కాని గడియారము సూక్ష్మమైనంత మాత్రమున ఫలితము సూక్ష్మము కాదు. ఎండ యొకవైపునుండి పడుటచేత ఒక తెర గుండు మొనను, వేరొక తెర దాని నడుమును గుర్తించెననుకొనుడు. తెరల యెడము 60 సెంటీమీటర్లై, 5 మిల్లీమీటర్ల భేదము వచ్చినచో, 800 మీటర్ల వేగమున దాదాపు 7 మీటర్ల తప్పు పుట్టును. గడియారము నిర్దోషియే, దోషము వెలుతురుది.

రాడారు పద్ధతి వేఱు. మనవైపు వచ్చుచున్న రైలుబండి కూత హెచ్చుస్థాయిలోను, దాటిపోయిన పిమ్మట తగ్గుస్థాయిలోను వినబడును. అట్లే దూరమగుచున్న గుండును తాకి మరలివచ్చు రేడియోతరంగముల పౌనఃపున్యము తగ్గును. ఆ తగ్గుదలనుండి వేగమును గణింతురు. దీనికి తెరలతో పనిలేదు, వెలుతురుతో పనిలేదు. కాని రాడారు గుండు దారికి ప్రక్కగా నుండి, చూపునకు దారికి నడుమ 5 డిగ్రీల కోణమేర్పడినప్పుడు దానిని సవరింపకున్నచో, 800 మీటర్లకు 3 మీటర్లు తక్కువ చూపును.

ఇక యంత్రములను పోల్చుట యెట్లు? నేడొక యంత్రముతోను, రేపొక యంత్రముతోను పేల్చి సగటులు చూచుట చాలదు. మందు నిండుదలనుబట్టి, వేడినిబట్టి ఒక్కొక్క గుండు వేగము ఒక్కొక్క తీరుగా నుండును. ఒకే గుండును రెండు యంత్రములును కొలువవలెను. ఉదాహరణమునకు మొదటి యంత్రము 800, 806, 797 అనియు, రెండవది 806, 812, 803 అనియు చూపినవనుకొనుడు. గుండ్లలో హెచ్చుతగ్గులున్నను రెండు యంత్రముల నడిమి భేదము ఎల్లప్పుడును 6. ఇది అడుగు మందమైన కుంచము వంటి స్థిరదోషము. వేయి గుండ్లు పేల్చి సగటు తీసినను అది తొలగదు. గుండు గాలిలో క్షణక్షణము వేగము కోల్పోవును గనుక, రెండు యంత్రములు వేర్వేరు తావులలో నున్నచో ఆ తరుగుదలను ముందుగా లెక్కించి తీసివేయవలెను. అప్పటికిని భేదము మిగిలినచో, వేఱు సూత్రముపై నడచు మూడవ యంత్రముతో సరిచూడవలెను. తెరల యెడమును మరల కొలువవలెను. ఒకే సూత్రముగల రెండు యంత్రములు ఒకే తప్పును చేసి, ఒకదానికొకటి సాక్ష్యము చెప్పుకొనవచ్చును.

ఈ కారణముచేతనే అమెరికాదేశపు జాతీయ న్యాయసంస్థ 2008లో వెలువరించిన కవచ ప్రమాణములో, నిర్ణీత వేగమునకు 9.1 మీటర్లకు మించిన హెచ్చుతగ్గులు కూడవని విధించుటయే గాక, పరస్పర సంబంధములేని రెండు కొలతసాధనములైనను ఉండవలెనని నియమించిరి. 7 మీటర్ల తప్పు వెలుతురువలననే పుట్టగలదని తెలిసినవారికి ఈ నియమము యొక్క విలువ తెలియును.

యంత్రము అంకెలను చక్కగా చూపినంత మాత్రమున నమ్మరాదు, అనుమానించి పాఱవేయనురాదు. ఏ దోషము ఎంత కలదో కొలిచి, దానిని తెలిసి వాడుకొనవలెను. గ్రంథాలయమున ఒక పుస్తకము చెప్పినదానిని వేఱొక పుస్తకముతో సరిచూచుకొను పాఠకునికి ఈ మార్గము క్రొత్తది కాదు. ఆ అలవాటు ఈ గ్రామమున వర్ధిల్లుగాక!