గాజుకిటికీలలోని మృగపక్షులు

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున ప్రవేశించి ఆర్ట్స్ కళాశాల ముందు నిలిచినచో, 1939 లో ప్రారంభమైన ఆ భవనమున కమానులొక సంప్రదాయమునవి, స్తంభములు మరియొక సంప్రదాయమునవి అని మనకు తోచును. రాయి అందరితోను మాటలాడును. దాని భాష తెలిసినవానితో మరికొంత మాటలాడును. క్రైస్తవ దేవాలయములలోని రంగుగాజు కిటికీలును ఇట్టివే.

మనకు దగ్గరలో మెదకు దేవాలయమున్నది. 1924 డిసెంబరు 25 న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడమునందలి మూడు పెద్ద కిటికీలు క్రీస్తు జననమును, సిలువమరణమును, ఆరోహణమును చూపును. వెలుపల ఎండ యున్నంతసేపే లోపల బొమ్మ; ప్రొద్దు గ్రుంకినచో అది నల్లని గాజు. అచ్చట కథయే ప్రధానము. మృగపక్షుల సంకేతములు విరివిగా చూడవలెనన్న మధ్యయుగపు ఐరోపాకు పోవలెను.

అచ్చటి కిటికీలలో తరచుగా కనిపించునవి నాలుగు రూపములు. రెక్కల సింహము మార్కు, రెక్కల ఎద్దు లూకా, గ్రద్ద యోహాను. మత్తయికి మాత్రము మానవరూపము. యెహెజ్కేలు దర్శనమునందును ప్రకటన గ్రంథమునందును వచ్చు నాలుగు జీవులను తరువాతి వ్యాఖ్యాతలు సువార్తికులకు పంచిరి. పంపకమున ఏకాభిప్రాయము లేకపోయెను. ఐరీనియస్ సింహమును యోహానుకిచ్చెను. నిలిచినది జెరోము పంపకము. మార్కు సువార్త అరణ్యమున కేకవేయు స్వరముతో మొదలగును గనుక సింహము. లూకా సువార్త యాజకుని సేవతో మొదలగును గనుక బలిపశువైన ఎద్దు.

ఇది వినగానే మనకు నందియు గరుత్మంతుడును మదిలో మెదలుదురు. ఆ పోలిక కొంతదూరమే నడుచును. నంది స్వామికి వాహనము, సేవకుడు. లూకా ఎద్దునెక్కడు, ఆ ఎద్దే లూకా. "వారికిని వాహనములున్నవి" అని తృప్తిపడినచో కిటికీని చూచియు చూడనట్లే.

ఫ్రాన్సులోని బూర్జ్ దేవాలయమున 13వ శతాబ్దపు కిటికీ యొకటి కలదు. అందు గూడబాతు తన రొమ్ము చీల్చుకొని నెత్తుటితో పిల్లలను బ్రతికించును. సింహము ఊపిరూది నిర్జీవమైన కూనను లేపును. మొదటిది త్యాగమునకు గుర్తు, రెండవది పునరుత్థానమునకు. ఈ కథలకు మూలము ఫిజియోలొగస్ అను ప్రాచీన గ్రీకు గ్రంథము.

జంతుశాస్త్ర విద్యార్థి నవ్వవచ్చును. నేలపట్టులోనో తేలినీలాపురములోనో గూడబాతులను చూచినవారెరుగుదురు: పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి చేపముద్ద తినును, నెత్తురు కాదు. కాని వెన్నెల త్రాగు చకోరమును, నీరు విడిచి పాలు గ్రహించు హంసను మన కవులు పరీక్షించి చూచిరా? అవి కవిసమయములని వారెరుగుదురు. గాజుపనివాడు మాత్రము తన గూడబాతును నిజమనియే నమ్మియుండును. ఆ నమ్మకమే ఆ బొమ్మకు బలమని మన అభిప్రాయము.

పరీక్షించినవారు లేకపోలేదు. నెమలి మాంసము కుళ్ళదని పూర్వుల మాట; అందుచేతనే మన కుమారస్వామి వాహనము అచ్చట అమరత్వమునకు చిహ్నమైనది. అగస్టీను కార్తేజిలో వండిన నెమలి మాంసము కొంత దాచియుంచెను. ఏడాది గడచినను అది కుళ్ళలేదనియు, కొంచెము ఎండి ముడుచుకొనెననియు వ్రాసెను.