కల్లు లొట్టి నుంచి కొబ్బరి బీరు దాకా

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకు బాగా తెలిసిన విషయం మీద పావుగంట మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. ముప్పై ఏళ్లుగా నేను పంపులు, పైపులు, ట్యాంకుల మధ్య బతుకుతున్న ఇంజనీరును. వాటి గురించి చెబితే భోజనాల ముందే అందరికీ కునుకు పడుతుంది. అందుకే, అమెరికాలోని మా ఇంట్లో సెలవు రోజుల్లో నేను చేసే ఒక పని గురించి చెబుతాను. అది కొబ్బరి వేసి నల్ల బీరు కాయడం.

సార్ల ముందర బీరు ముచ్చట ఏందని కొందరికి అనిపించవచ్చు. ఇది తాగమని చెప్పే ప్రసంగం కాదు. తాగని వాళ్లు తాగకుండా ఉండడమే మంచిది. ఇది ఈ బడిలో మనం చదివిన కిణ్వ ప్రక్రియ పాఠమే. చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును ఇస్తుంది. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల గాలి. బోర్డు మీద సమీకరణం తూచినప్పుడు వచ్చిన లెక్కే, మా ఇంటి గ్యారేజీలో కూడా వస్తుంది.

పులియబెట్టడం మనకు కొత్త విద్య కాదు. పెరుగు తోడుపెడతాం, దోసెల పిండి నానబెట్టి రుబ్బి రాత్రంతా ఉంచుతాం. అన్నింటికన్నా తొందరగా పులిసేది కల్లు. తాటి రసంలో, ఈత రసంలో నూటికి పదీ పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గీసిన చోట నుంచి చుక్క చుక్కగా లొట్టిలో పడుతుండగానే గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఎవరూ ఈస్టు వేయరు, ఎవరూ కాయరు. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పులుపు తిరుగుతుంది. అదే లొట్టి లోపల సున్నం రాసి రసం పడితే పులుపు ఆగుతుంది. అది నీరా. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచింది దీనికోసమే.

బీరుకు ఈ సుఖం లేదు. బార్లీ గింజలో ఉన్నది చక్కెర కాదు, పిండి. ఈస్టుకు పిండి తినడం రాదు. అందుకని గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. పసిపిల్లల జావ కోసం మన అమ్మలు రాగులు మొలకెత్తించి ఎండబెట్టినట్టే. దాన్ని మాల్ట్ అంటారు. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా విరగ్గొడతాయి.

19 లీటర్ల బీరుకు నాకు 5.7 కిలోల గింజలు పడతాయి. నాలుగున్నర కిలోలు మామూలు మాల్ట్. మిగతాది కొంచెం ఓట్స్, కొంచెం తియ్యటి మాల్ట్, అరకిలో బాగా వేయించిన నల్ల గింజలు. బీరుకు నలుపు ఈ అరకిలోతోనే వస్తుంది. కాఫీ గింజలను వేయించే డబ్బాలాంటి దానిలో మాల్టును మాడకుండా నల్లగా వేయించే పద్ధతికి 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ పేటెంటు తీసుకున్నాడు. పోర్టర్, స్టౌట్ అనే నల్ల బీర్లకు ఇప్పుడున్న రంగు అక్కడి నుంచి వచ్చిందే.

గింజలను మరపట్టి, 67 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నాననిస్తాను. ఆ వేడి మరీ పెరిగితే ఎంజైములు చస్తాయి, తగ్గితే బీరు పలుచనవుతుంది. వడగట్టిన తియ్యటి రసాన్ని హాప్స్ అనే తీగ పూలతో గంటసేపు మరిగిస్తాను. చేదు, నిలవ ఉండే గుణం ఆ పూల నుంచి వస్తాయి. తర్వాత 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్టు వేస్తాను. వేడి రసంలో వేస్తే అది బతకదు. ఇక్కడి నుంచి రసాన్ని తాకే ప్రతి గిన్నె, గొట్టం, గరిటె క్రిమిరహితంగా ఉండాలి. బీరు కాయడంలో ముప్పాతిక వంతు పని గిన్నెలు కడగడమే. మా ఇంటావిడకు ఈ మాట చాలా ఇష్టం.

ఇక కొబ్బరి. హవాయి దీవుల్లో మావీ బ్రూయింగ్ అనే కంపెనీ కొబ్బరి పోర్టర్ చేసి అమ్ముతుంది. నేను చేసేది మన కుడుకతో. హోలీకి చక్కెర పేర్లతో పాటు పిల్లల మెడలో వేసే కుడుక, పెళ్లిళ్లలో ఒడిబియ్యంలో పెట్టే కుడుక. 19 లీటర్లకు దాదాపు 450 గ్రాములు. సన్నగా తురిమి, 160 డిగ్రీల ఓవెన్‌లో పది, పదిహేను నిమిషాలు కలుపుతూ గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. అప్పుడు వచ్చే వాసన నల్ల మాల్ట్ వాసనతో బాగా కలుస్తుంది.

చిక్కు నూనెతో. నూనె తగిలితే బీరు నురుగు నిలవదు. అందుకే వేయించిన కొబ్బరిని కాగితాల మధ్య ఒత్తి నూనె పీల్చేయిస్తాను. పులియడం పూర్తయ్యాకే గుడ్డ సంచిలో కట్టి ఐదారు రోజులు ఉంచుతాను. తర్వాత పాత్రను ఫ్రిజ్‌లో పెడతాను. చలికాలం మన ఇంట్లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టినట్టు, మిగిలిన నూనె పైన తెట్టెలా పేరుకుంటుంది. కింది నుంచి తేటను తీసుకోవడమే.

పులియడం పూర్తయిందని ఎట్లా తెలుస్తుంది? రుచి చూసి కాదు, కొలిచి. పాల కేంద్రంలో లాక్టోమీటర్ మనందరికీ తెలుసు. దానికి తోబుట్టువు హైడ్రోమీటర్. మొదట రసం సాంద్రత 1.060 ఉంటే, చివర 1.015కు దిగుతుంది. ఆ తేడాను 131తో గుణిస్తే ఆల్కహాలు శాతం, సుమారు 5.9. ఇంకా చక్కెర మిగిలి ఉండగా సీసాలో మూత బిగిస్తే లోపల గాలి పెరిగి సీసా పగులుతుంది. గాజు పెంకులు గోడలో దిగుతాయి. కొలవకుండా మూత పెట్టకూడదు.

మిత్రులారా, ఇంతసేపు చెప్పింది ఈ ఒక్క మాట కోసమే. తాగేదాంట్లో ఏముందో కొలవగలగడం, తెలుసుకోగలగడం ప్రాణానికి సంబంధించిన విషయం.

మన కల్లునే చూడండి. చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. ఆ సందులోకి క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వచ్చాయి. చెట్టుకు మోకు వేసి, ప్రాణం పణంగా పెట్టి ఎక్కే గీత కార్మికుడు దించిన కల్లులో అవి ఉండవు. నీళ్లు, శాక్రిన్ కలిపిన తర్వాత మత్తు కోసం కలుపుతారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. దీనికి అలవాటుపడ్డవాళ్లు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, మతి తప్పినట్టు మాట్లాడతారు. దయ్యం పట్టిందని తిప్పవద్దు. దవాఖానకు తీసుకుపోవాలి.

గల్ఫ్ సంగతి ఇంకా దగ్గరిది. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టూ గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ లేదు. కువైట్‌లో, సౌదీలో మద్యం నిషేధం. దొంగచాటుగా చేసిన సరుకు దొరుకుతుంది. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన మద్యం తాగి 23 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆసియా కార్మికులే. మిథనాల్ రంగులో, వాసనలో మామూలు ఆల్కహాలు లాగే ఉంటుంది. నాలుకతో కనిపెట్టలేం. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. తాగిన కొన్ని గంటలకో, మరునాడో చూపు మసకబారితే అది దిగని మత్తు కాదు, విషం. దానికి మందు ఉంది. ఎంత తొందరగా ఆసుపత్రి చేరితే అంత మేలు. భయపడి గదిలో పడుకుంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతి వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు. అమ్మకూడదు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం చేయడం నేరం. కాబట్టి తమ్ముళ్లూ, నా లెక్కలు రాసుకున్నవాళ్లు ఆ కాగితం ఇక్కడే వదిలివెళ్లండి.

చివరగా రెండు కోరికలు. మన బడి సైన్సు గదిలో ప్రతి ఏడాదీ ఒక చిన్న ప్రయోగం చేయించండి. సీసాలో గోరువెచ్చని నీళ్లు, చక్కెర, చెంచాడు ఈస్టు, మూతికి బెలూను. గంటలో బెలూను ఉబ్బుతుంది. అది చూసిన పిల్లకు సమీకరణం మరచిపోదు. ఆ పక్కనే హైడ్రోమీటర్, లాక్టోమీటర్ పెట్టండి. ఆ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. రెండోది, మీ ఇంటి నుంచి గల్ఫ్ పోతున్న తమ్ముడికి పచ్చడి సీసాతో పాటు మిథనాల్ సంగతి కూడా చెప్పి పంపండి.